షుగర్ ఉన్న మనిషికి ఒక తొడ సన్నబడితే

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ బాపుకు 58 ఏళ్లు, షుగర్ వచ్చి ఐదేళ్లు, నర్సంపేట పక్కన మిర్చి, పత్తి వ్యవసాయం. రెండున్నర నెలల కింద ఒక రాత్రి కుడి గజ్జ నుంచి తొడ ముందు భాగం దాకా ఎవరో పట్టి పిండినట్టు నొప్పి మొదలైంది. ఆ తర్వాత నిద్ర లేదు. ఇరవై రోజులకు ఇంటి మెట్లు దిగుతుంటే మోకాలు మడత పడి కూలబడ్డారు. 72 కిలోల మనిషి 61కి వచ్చారు. నడుము ఎమ్మారైలో ఎల్4, ఎల్5 ఎముకల మధ్య డిస్క్ ఉబ్బిందని వచ్చింది, ఆపరేషన్ చేయించుకోమన్నారు. మూడు నెలల షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ) 7.6 ఉంది కాబట్టి ఇది షుగర్ వల్ల వచ్చింది కాదని కూడా చెప్పారు. ఆపరేషన్ చేయించాలా, బాపు మళ్లీ నడుస్తాడా అని మీరు అడిగారు.

నేను హనుమకొండలో 24 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. జబ్బు ఇదీ అని తేల్చే పని నరాల డాక్టర్‌ది (న్యూరాలజిస్ట్), నాది కాదు. కానీ సన్నబడిన తొడలు నా చేతుల కిందికి చాలా వచ్చాయి. వాటిలో కొన్ని అప్పటికే నడుము ఆపరేషన్ అయిపోయి వచ్చాయి, ఆ కుట్ల కింద తొడ మాత్రం ముందులాగే సన్నగా ఉండేది. అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఒక నరాల డాక్టర్ చూసి చెప్పేదాకా ఆపరేషన్‌కు తేదీ ఇవ్వకండి. నాకు గట్టిగా చెప్పాలనిపించేది అదొక్కటే. మిగిలిందంతా అలా ఎందుకు అంటున్నానో చెప్పడానికే.

షుగర్ వల్ల నరాలు దెబ్బతింటాయంటే మనకందరికీ తెలిసింది అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు. రెండు పాదాల్లో ఒకేసారి, వేళ్ల దగ్గర మొదలై, ఏళ్ల తరబడి మెల్లగా పైకి పాకుతుంది. చెప్పు జారిపోయినా తెలియదు. ఇది మామూలుగా కనిపించే రకం. మీ బాపుకు వచ్చింది దానికి పూర్తిగా ఎదురు. ఒకే వైపు, తొడలో, ఒక్క రాత్రిలో, భరించలేని నొప్పితో. ముందు నొప్పి, రెండు మూడు వారాలకు బలం పోవడం, దానితో పాటే కండ కరిగిపోవడం, కారణం లేకుండా పది కిలోల దాకా బరువు తగ్గడం. ఈ వరుసకు ఒక పేరు ఉంది, డయాబెటిక్ అమయోట్రఫీ. 1890లో జర్మనీలో బ్రన్స్ అనే డాక్టర్ ఇలాంటి రోగుల గురించి రాశాడు. 1955లో ఇంగ్లండ్‌లో గార్లాండ్ అనే డాక్టర్ ఈ పేరు పెట్టాడు. షుగర్ ఉన్నవాళ్లలో సుమారుగా నూటికి ఒకరికి వస్తుందంటారు. అరుదే. కానీ మన దగ్గర షుగర్ లేని ఇల్లు ఎక్కడుంది? నూటికి ఒకరన్నా ఒక్క వరంగల్ చుట్టుపక్కలే ఎంతమంది అవుతారో ఆలోచించండి.

షుగర్ కంట్రోల్‌లోనే ఉంది కదా అన్న మాట దగ్గర ఆగాలి. ఈ జబ్బు విషయంలో అందరినీ దారి తప్పించేది ఆ మాటే. పాదాల మంటలు వచ్చే రకం ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఎక్కువ. తొడ రకం అలా కాదు. యాభై దాటినవాళ్లకు, షుగర్ వచ్చి ఎక్కువ కాలం కానివాళ్లకు, మూడు నెలల షుగర్ ఏడు, ఏడున్నర దగ్గర ఉన్నవాళ్లకు కూడా వస్తుంది. కొందరికి షుగర్ ఉందన్న సంగతే ఈ తొడనొప్పితో బయటపడుతుంది. కారణం వేరు కాబట్టే ఇలా జరుగుతుంది. 1999లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు ఇలాంటి 33 మంది రోగుల మీద చేసిన పరిశోధన ప్రచురించారు. నరం ముక్క తీసి చూస్తే, నరానికి రక్తం ఇచ్చే వెంట్రుక లాంటి రక్తనాళాల చుట్టూ వాపు కనిపించింది. అంటే ఒంట్లోని రక్షణ కణాలే ఆ చిన్న నాళాల మీద పడుతున్నాయి. రక్తం అందక నరం దెబ్బ తింటోంది. ఒక్కసారిగా, ఒక వైపు, అంత నొప్పితో రావడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆ ఎమ్మారై కాగితం సంగతి. డిస్క్ ఉబ్బిందన్న మాట చదవగానే ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంటుంది. కానీ ఏ నొప్పీ లేని మనుషులకు స్కానింగ్ తీసినా డిస్క్ ఉబ్బులు కనిపిస్తాయి. అలాంటి 33 అధ్యయనాలు, 3110 మంది వివరాలు కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. నొప్పి లేనివాళ్లలోనే 20 ఏళ్ల వయసులో నూటికి 30 మందికి, 50 ఏళ్లకు 60 మందికి, 80 ఏళ్లకు 84 మందికి ఉబ్బు ఉంది. 58 ఏళ్ల వయసు దాకా మట్టి పని చేసిన నడుములో ఉబ్బు లేకపోతేనే నేను ఆశ్చర్యపోతాను. ఉబ్బు ఉండడం వేరు, ఈ నొప్పికి అదే కారణం కావడం వేరు.

రెండూ ఒకటేనా అని చూడడానికి ఒక సులువైన లెక్క ఉంది. నడుము కింది డిస్క్‌లు, అంటే ఎల్4, ఎల్5 మధ్యది గానీ దాని కిందిది గానీ నరాన్ని నొక్కితే, నొప్పి సాధారణంగా పిరుదు నుంచి తొడ వెనక, పిక్క పక్కగా పాదానికి దిగుతుంది. బొటనవేలు పైకి లేపే బలం గానీ, మునివేళ్ల మీద నిలబడే బలం గానీ తగ్గుతుంది. మీ బాపుకు నొప్పి తొడ ముందు. పోయింది మోకాలు చాపే బలం. ఆ కండకు వచ్చే నరం వెన్నులోంచి బయటికి వచ్చే ఎల్2, ఎల్3, ఎల్4 నరాల వేర్ల నుంచి వస్తుంది. డాక్టర్ చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద కొట్టినప్పుడు కాలు ఎగరాలి, ఈ జబ్బులో ఆ వైపు ఎగరదు. చాలాసార్లు తుంటి దగ్గర కాలు పైకెత్తే కండ, తొడలు దగ్గరకు తెచ్చే లోపలి కండ కూడా బలహీనమవుతాయి. అంటే దెబ్బ ఒక్క వేరుకు కాదు, ఆ వేర్లన్నీ కలిసి అల్లుకునే చోట తగిలింది. ఒక్క డిస్క్ ఇంత పని చేయలేదు. పైన ఎల్2, ఎల్3 దగ్గర పెద్ద డిస్క్ జారితే తొడ ముందు నొప్పి రావచ్చు, అది నిజం. కానీ అప్పుడు స్కానింగ్‌లో అది అక్కడ కనిపించాలి. మీ కాగితంలో అక్కడ ఏమీ లేదని రాశారు.

నరాల డాక్టర్ ఏం చేస్తారంటే, నరంలో కరెంటు ఎలా పోతోందో చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్, కండను చూసే ఈఎంజీ రాస్తారు. ఈఎంజీలో సన్నటి సూది కండలోకి దించి ఏ ఏ కండలకు నరం తెగిందో చూస్తారు. కొంచెం నొప్పి ఉంటుంది, బాపుకు ముందే చెప్పండి. నడుము పక్క కండలు, తొడ ముందు కండలు, పిక్క అన్నీ చూస్తే దెబ్బ డిస్క్ దగ్గరా, నరాల అల్లిక దగ్గరా అన్నది చాలావరకు తేలుతుంది. వెన్ను నీరు తీస్తే అందులో ప్రొటీన్ పెరిగి ఉండొచ్చు, అందరికీ ఆ పరీక్ష అవసరం పడదు. వరంగల్, హనుమకొండల్లో నరాల డాక్టర్లు ఉన్నారు. ఇక్కడ తేలకపోతే హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది.

పదకొండు కిలోల బరువు తగ్గడాన్ని మాత్రం షుగర్ నరం ఖాతాలోనే వేసి వదిలేయకండి. ఈ జబ్బులో బరువు తగ్గుతుంది, నిజమే. అయినా టీబీ, థైరాయిడ్, క్యాన్సర్ లేవని ఒకసారి చూసుకోవాలి. ముఖ్యంగా మన దగ్గర టీబీ వెన్నులో పడి నడుము లోపలి కండలో చీము పట్టడం ఉంది. అదీ గజ్జ, తొడ నొప్పితోనే వస్తుంది, కాలు చాపనివ్వదు. సాయంత్రం జ్వరం ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

కొలెస్ట్రాల్ గోలీలు వాడుతున్నారా? వాటితో కొందరికి కండ నొప్పులు, నీరసం వస్తాయి. కానీ అవి రెండు వైపులా సమానంగా ఉంటాయి, ఇలా ఒక్క తొడ సన్నబడదు. షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడితే బీ12 విటమిన్ తగ్గి తిమ్మిర్లు పెరుగుతాయి. బీ12 పరీక్ష ఎలాగూ చేయించండి, ఖర్చు పెద్దగా కాదు, తక్కువుంటే సరిచేయడం సులువు.

ఇక బాపు మళ్లీ నడుస్తాడా? నేను చూసినవాళ్లలో ఎక్కువమంది నడిచారు. పుస్తకాలూ అదే చెబుతాయి. కానీ ఎంత కాలం అన్నది ముందే తెలియకపోతే మనిషి గుండె జారిపోతుంది. నొప్పి వారాల నుంచి నెలల్లో తగ్గుతుంది. బలం రావడం ఆ తర్వాతే మొదలవుతుంది. దెబ్బ తిన్న నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటర్ చొప్పున పెరుగుతుంది, నెలకు మూడు సెంటీమీటర్లు అనుకోండి. నడుము దగ్గర నుంచి తొడ కండకు ముప్పై, నలభై సెంటీమీటర్ల దూరం. మీరే లెక్క వేసుకోండి, ఏడాది అటూ ఇటూగా పడుతుంది. కొందరికి రెండేళ్లు. తొడ బలం ముందు వస్తుంది, పాదం దాకా దెబ్బ తగిలి ఉంటే అది ఆలస్యంగా వస్తుంది, కొంచెం లోటు మిగిలిపోవచ్చు కూడా. మునుపటిలా నూటికి నూరుపాళ్లు వస్తుందని నేను మాట ఇవ్వను. ఇంకొకటి, వారాల తర్వాతో నెలల తర్వాతో రెండో కాలికి కూడా రావడం ఈ జబ్బులో మామూలే. అలా వస్తే ఇది ముదిరి పక్షవాతం అవుతోందని భయపడకండి. ఇది పక్షవాతం కాదు.

మందుల విషయానికి వస్తే, నరాన్ని వెంటనే బాగు చేస్తుందని గట్టిగా రుజువైన మందు లేదు. నొప్పికి ప్రెగాబలిన్, గాబాపెంటిన్, డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి రాస్తారు. కిడ్నీ పనితీరును బట్టి మోతాదు మారుతుంది. వీటిలో చాలావాటికి మగత ఉంటుంది, మోకాలు ఆగని మనిషికి మగత కూడా తోడైతే రాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు పడిపోతారు. మొదటి వారం ఎవరో ఒకరు పక్కన పడుకోండి. నొప్పి మరీ ఎక్కువుండి, జబ్బు మొదలైన కొత్తలోనే దొరికితే కొందరు నరాల డాక్టర్లు స్టెరాయిడ్ ఇస్తారు. నొప్పికి కొంత పని చేయవచ్చు, బలం త్వరగా వస్తుందని మాత్రం రుజువు కాలేదు. షుగర్ ఎగబాకుతుంది కాబట్టి ఆస్పత్రిలో ఉంచి చూస్తూ ఇవ్వాలి.

దీని గురించే ఇంకో మాట. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉందని చాలామంది చెబుతారు. ఆ సూదిలో తరచుగా ఉండేది డెక్సా అనే స్టెరాయిడే. రెండు రోజులు నొప్పి తగ్గుతుంది, షుగర్ మూడు వందలు, నాలుగు వందలు దాటుతుంది, మళ్లీ నొప్పి వస్తుంది, మళ్లీ సూది. బాపు ఇప్పటికే అలా వేయించుకుని ఉంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పించండి. తిట్టరు, ఆ సంగతి తెలిస్తేనే షుగర్ లెక్క వాళ్లకు అర్థమవుతుంది.

మాలిష్, కాపడం రెండూ వద్దు. షుగర్ మనిషికి వేడి సరిగా తెలియదు. ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి పెట్టిన కాపడంతో తొడ మీద బొబ్బలు లేచి వచ్చినవాళ్లను నేను చూశాను. ఇక మాలిష్ ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి.

పదిహేనేళ్లు దాటింది. పరకాల వైపు నుంచి ఒకామె వచ్చింది, నలభై ఆరేళ్లు. చాలా ఏళ్లుగా షుగర్, కంట్లో లేజర్ పెట్టించుకుంది, కిడ్నీలు సగం పని చేస్తున్నాయి. ఎడమ తొడ లోపలి వైపు ఒక్కసారిగా వాచి, ముట్టుకుంటే ఓర్చుకోలేని నొప్పి. జ్వరం లేదు. కాళ్ల రక్తనాళాల స్కానింగ్ (డాప్లర్) తీస్తే రక్తం గడ్డ లేదన్నారు. కండ పట్టేసిందని రాసి నా దగ్గరకు పంపారు. నేనూ అదే అనుకున్నాను. నాలుగు రోజులు నొప్పికి పెట్టే అల్ట్రాసౌండ్ మిషన్ పెట్టి, మెల్లగా సాగదీయించాను. ఐదో రోజు తొడ ఇంకా వాచింది, ఆమె ఏడ్చింది. హైదరాబాద్ వెళ్లి ఎమ్మారై తీయిస్తే తేలిందేమంటే, తొడ కండలో కొంత భాగానికి రక్తం ఆగి చచ్చిపోయింది. గుండెకు రక్తం ఆగితే గుండెపోటు అంటాం కదా, ఇది కండకు వచ్చిన పోటు. డయాబెటిక్ మజిల్ ఇన్‌ఫార్క్షన్ అంటారు. దీన్ని మొదట 1965లో ఆంగర్‌వాల్, స్టెనర్ అనే ఇద్దరు స్వీడన్ డాక్టర్లు రాశారు. ఆ రోజుల్లో కండను కదిలించడం, పిసకడం చేస్తే వాపు పెరుగుతుంది. ఆమెకు కావలసింది విశ్రాంతి, నేను ఇచ్చింది వ్యాయామం. ఆ తొడ మీద నా చేతులు పెట్టిన నాలుగు రోజులు ఇప్పటికీ గుర్తొస్తాయి. అప్పటి నుంచి షుగర్ మనిషి వాచిన తొడతో వస్తే నేను ముందు తొడ కొలిచే టేపు తీస్తాను, మిషన్ తీయను.

మీ బాపుది ఇది అని నేను అనుకోవడం లేదు. ఆయనకు తొడ సన్నబడింది, వాయలేదు. కానీ ఈ రెండింటికీ ఉన్న తేడా తెలిసి ఉంటే మీ చుట్టాల్లో ఎవరికైనా పనికొస్తుంది. కండ పోటు ఏళ్ల తరబడి షుగర్ ఉండి, కళ్లు, కిడ్నీలు కూడా దెబ్బ తిన్నవాళ్లకు వస్తుంది. ఎక్కువగా తొడ, తర్వాత పిక్క. వాపు, గట్టిదనం, ముట్టుకుంటే నొప్పి, కొందరికి గడ్డలా చేతికి తగులుతుంది. కండ దెబ్బకు చేసే సీపీకే రక్త పరీక్ష మామూలుగానే రావచ్చు, అది చూసి ఏమీ లేదనుకోకూడదు. ఎమ్మారైలో కనిపిస్తుంది. కిడ్నీ జబ్బు ఉంటే స్కానింగ్ మందు ఎక్కించే ముందు డాక్టర్లు ఆలోచిస్తారు, మందు లేకుండా తీసినా చాలావరకు తెలుస్తుంది. ముక్క కోసి పరీక్షకు పంపడం, కోసి శుభ్రం చేయడం సాధారణంగా అవసరం ఉండదు, గాయం మానడం ఆలస్యమవుతుంది. విశ్రాంతి, నొప్పి మందు, చాలామందికి ఆస్పిరిన్, షుగర్ అదుపు, ఇవే వైద్యం. వారాల్లో తగ్గుతుంది, మళ్లీ అదే తొడలో గానీ రెండో తొడలో గానీ రావడం తక్కువేమీ కాదు. జ్వరం, ఎర్రదనం తోడైతే కథ వేరు. షుగర్ ఉన్నవాళ్లకు కండలో చీము పట్టే జబ్బు మన వేడి ప్రాంతాల్లో వస్తుంది, దాన్ని అదే రోజు ఆస్పత్రిలో చూపించాలి. చీము తీయకపోతే ప్రాణం మీదికి వస్తుంది. పరకాల ఆమె ఆ విడత కోలుకుంది. ఏడాది తర్వాత కుడి తొడకు వచ్చింది. ఈసారి ఆమే మాకు చెప్పింది ఏం చేయకూడదో.

షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పుల్లో అరుదైన మరో రకం ఈ మధ్య ఎక్కువ కనిపిస్తోంది. కొత్తగా షుగర్ బయటపడుతుంది, మూడు నెలల షుగర్ 13, 14 ఉంటుంది. భయంతో ఒక్కసారిగా అన్నం పూర్తిగా మానేస్తారు, ఇన్సులిన్ కూడా మొదలవుతుంది. మూడు నెలల్లో ఏడుకు దించేస్తారు. ఇంటిల్లిపాదీ సంతోషపడే వేళకు కాళ్లూ, కొందరికి ఒళ్లంతా, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని మంట. 1933లోనే కరవాటి అనే డాక్టర్ దీన్ని ఇన్సులిన్ మొదలుపెట్టిన తర్వాత వచ్చిన నరాల నొప్పి అని రాశాడు. ఇన్సులిన్ తప్పు కాదు అది, షుగర్ మరీ వేగంగా దిగడమే కారణం. గోలీలతో దిగినా, తిండి మానేసి దించినా వస్తుంది. 2015లో అచ్చయిన ఒక అధ్యయనంలో, నరాల వైద్యానికి వచ్చినవాళ్లలో మూడు నెలల్లో 2 నుంచి 3 పాయింట్లు దిగినవారిలో సుమారు 20 శాతం మందికి, 4 పాయింట్ల పైన దిగినవారిలో 80 శాతం పైగా మందికి ఇది వచ్చింది. కాబట్టి 13 ఉన్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడుకుని మెట్టు మెట్టుగా దిగాలి. మంట వచ్చిందని ఇన్సులిన్ మానేయకూడదు. అదే సమయంలో కంటి లోపలి పొర కూడా దెబ్బ తినొచ్చు, కంటి డాక్టర్‌కు చూపించాలి. ఈ మంట నెలల్లో తగ్గుతుంది.

ఒక పక్క పక్కటెముకల కింద నడికట్టు కట్టినట్టు మంట, అక్కడే పొట్ట ఒక వైపు ఉబ్బడం కూడా షుగర్ నరం పనే కావచ్చు. హెర్నియా అనుకుని, గాల్ బ్లాడర్ అనుకుని స్కానింగ్‌ల మీద స్కానింగ్‌లు తీస్తారు. ఒక కంటి రెప్ప వాలిపోయి, ఒకటి రెండుగా కనిపించడం మరొకటి. షుగర్ వల్లే అయితే మూడు నెలల్లో చాలావరకు సర్దుకుంటుంది. కానీ మెదడులో రక్తనాళం ఉబ్బి కూడా అలాగే వస్తుంది, కాబట్టి అదే రోజు ఆస్పత్రికి పోవాలి, ఇంట్లో కూర్చుని చూడకూడదు.

మళ్లీ మీ బాపు దగ్గరకు వస్తాను. ఇంట్లో ఇప్పుడే చేయగలిగినవి ఉన్నాయి. అన్నిటికంటే ముందు, పడకుండా చూడాలి. కింద కూర్చునే దొడ్డిలో ఆయన లేవలేరు. ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ కొనండి, గోడకు పట్టుకునే కమ్మీ ఒకటి బిగించండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలం లేని కాలు ముందు. దిగేటప్పుడు మీరు ఆయన కంటే ఒక మెట్టు కింద ఉండండి. మోకాలు మడత పడకుండా పట్టి ఉంచే పొడుగు మోకాలి పట్టీ (knee brace) ఒకటి వేస్తే ఇంట్లో ధైర్యంగా తిరుగుతారు. కర్ర ఎడమ చేతిలో పట్టాలి, కుడి కాలు పక్కన కాదు. మంచం మీద నుంచి కాలు వేలాడేసి ఎక్కువసేపు కూర్చోవద్దు, పొద్దంతా మోకాలి కింద దిండు పెట్టి మడిచి ఉంచవద్దు. నొప్పికి అలా బాగుంటుంది, కానీ తుంటి, మోకాలు ఆ వంపులోనే బిగుసుకుపోతాయి.

వ్యాయామం మెల్లగా మొదలుపెట్టాలి. నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో మంచం మీదే కాళ్లను కదిలించడం వరకే. నొప్పి కొంచెం దిగాక మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టి వదలడం. పదిసార్లు, రోజుకు మూడు విడతలు. అది సులువైతే కుర్చీలో కూర్చుని మోకాలు చాపడం. ఆ తర్వాత ఎత్తు కుర్చీ నుంచి చేతుల సాయంతో లేవడం. అలసిపోయేదాకా చేయించకండి. నరం కొత్తగా చేరిన కండ ఎక్కువ భారం మోయలేదు, మర్నాడు ఇంకా నీరసంగా ఉంటే నిన్న ఎక్కువైందని అర్థం. ఎరువు బస్తా, స్ప్రే డబ్బా ఈ ఏడాది మీరే ఎత్తాలి. చేనుకు మందు కొట్టే పని ఎవరికైనా అప్పగించండి.

తిండి దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు, బరువు తగ్గుతున్న మనిషికి షుగర్ అని అన్నీ మానిపించడం. పొద్దున రాగి జావ, రాత్రి ఒక జొన్న రొట్టె, మధ్యలో ఏమీ లేదు. జావ పల్చగా కాచి తాగితే షుగర్ పెరుగుతుంది, కండకు ఇచ్చేది తక్కువ. గుడ్లు, పప్పు, పెసర్లు, చేపలు, కోడి కూర పెట్టండి, కిడ్నీ పరీక్ష బాగుంటే. రొట్టె అలాగే ఉండనివ్వండి, పక్కన పప్పు రెండింతలు చేయండి.

ఒకవేళ మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, రెండు కాళ్లూ గంటల్లో బలం పోయినా అది వేరే సంగతి. అప్పుడు నేను రాసిందంతా పక్కన పెట్టి అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి పోవాలి, ఆ పరిస్థితిలో ఆపరేషన్ వెంటనే అవసరం పడవచ్చు. బాపుకు ఇవేవీ లేవు కాబట్టే ఆగమంటున్నాను. ఆపరేషన్ చెప్పిన డాక్టర్‌తో గొడవ పడకండి. మోకాలు చాపే బలం, మోకాలి కింద సుత్తి దెబ్బ, పదకొండు కిలోలు తగ్గిన బరువు, ఈ మూడింటికీ డిస్క్‌కూ సంబంధం ఏమిటని మర్యాదగా అడగండి. ఒకసారి నరాల డాక్టర్ చూసి, ఈఎంజీ అయ్యాక నిర్ణయం తీసుకుంటామని చెప్పండి.

హనుమకొండలో పద్మాక్షి గుట్ట కింద ఉండే ఒక రిటైర్డ్ సార్ ఇదే తొడతో నా దగ్గరకు వచ్చారు. మొదటి ఆరు నెలలు తొడ కొలతలో ఒక్క గీత కూడా కదల్లేదు, ఆయన రావడం మానేద్దామనుకున్నారు. తొమ్మిదో నెలలో అర సెంటీమీటర్ పెరిగింది. ఆ రోజు ఆయన ఆ కాగితం జేబులో పెట్టుకుని పోయారు. పద్నాలుగో నెలలో గుట్ట మెట్లు ఎక్కారు, కమ్మీ పట్టుకునే ఎక్కారు, కానీ ఎక్కారు.

మీరూ ఈ రోజే ఒక టైలర్ టేపు తీసుకోండి. బాపును పడుకోబెట్టి కాళ్లు చాపించి, మోకాలి చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్ల పైన పెన్నుతో గుర్తు పెట్టి, అక్కడ తొడ చుట్టుకొలత తీయండి. రెండు కాళ్లకూ. తేదీ, రెండు కొలతలు, ఆ రోజు బరువు ఒక నోటు పుస్తకంలో రాయండి. నెలకు ఒకసారి చాలు, అంతకంటే తరచుగా చూస్తే మనసు పాడవుతుంది. నరాల డాక్టర్ దగ్గరకు స్కానింగ్ ఫిల్మ్‌తో పాటు ఆ పుస్తకం కూడా పట్టుకెళ్లండి. ఈఎంజీ రిపోర్ట్ వచ్చాక ఏం రాశారో నాకు రాయండి, అప్పటి వ్యాయామం అప్పుడు చెబుతాను.